ఆరో నంబరు తీగ

శనివారం పొద్దున ఎనిమిదింటికి మొదలైన క్లాసులో రైనో కంగాస్ చివరి బెంచీ చూసుకుని కూర్చున్నాడు. ఎలక్ట్రీషియన్ లైసెన్సు నిలబడాలంటే రెండేళ్ళలో పదహారు గంటలు ఇలా కూర్చోక తప్పదు. అరవై ఆరేళ్ళ మనిషి, రిటైరయ్యాక ఇళ్ళల్లో కరెంటు పని చేస్తున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇనుప ఖనిజం మిల్లులో చేతులు పైకెత్తి పని చేసి చేసి కుడి భుజం అరిగిపోయింది. కోటు విప్పుకోవాలన్నా ఎడమ చెయ్యి సాయం రావాల్సి వస్తోంది. కిటికీ కింద హీటరు వెచ్చగా ఉంది. బయట నవంబరు మంచు సన్నగా రాలుతోంది. పాఠం చెప్పే కెండ్రా గొంతు మెత్తగా ఉంది. పదింటికల్లా అతని కళ్ళు మూతలు పడ్డాయి.

"ఇప్పుడు కరెంటు కార్ల చార్జర్ల సంగతి," అంటోంది కెండ్రా. గోడ మీద పట్టిక వెలిగింది. ఏ నంబరు తీగ ఎన్ని ఆంపియర్లు మొయ్యగలదో చెప్పే పట్టిక. "ఇళ్ళల్లో వేసే ప్లాస్టిక్ తొడుగు కేబుల్‌కి ఎప్పుడూ మొదటి గడే, అరవై డిగ్రీలదే, చూడాలి. బ్రేకర్ మీద డెబ్బై ఐదు డిగ్రీలని రాసుంది కదా అని రెండో గడిలోకి జారిపోకండి. ఈ తప్పు ఎక్కువగా చేసేది మిల్లుల నుంచి రిటైరై వచ్చిన పెద్దవాళ్ళే. ఏమీ అనుకోకండి."

క్లాసులో సగం మంది నవ్వారు. పక్కనున్న ముసలాయన రైనోని మోచేత్తో పొడిచి, "మనల్నేరా బాబూ," అన్నాడు.

రైనో నవ్వలేదు. అతనికి నిద్ర ఎగిరిపోయింది.

విరామంలో అందరూ కాఫీకి పోతే అతను బయటికొచ్చి వ్యానులో కూర్చున్నాడు. లెక్క చెయ్యడానికి కాగితం అక్కర్లేదు. స్నేహితుడు రూడీ ప్రెబిచ్ ఇంట్లో ఏప్రిల్లో తను పెట్టిన చార్జరు నలభై ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది. గంటల తరబడి ఆగకుండా లాగే దేనికైనా ఇంకో పావు వంతు కలుపుకోవాలి. అంటే అరవై. తను వేసింది ఆరో నంబరు కేబుల్. రెండో గడిలో దానికి అరవై ఐదు ఉంది, సరిపోతుంది. మొదటి గడిలో యాభై ఐదు. సరిపోదు.

మిల్లులో ఏ తీగైనా ఇనుప పైపులోంచే పోయేది. విడి తీగలు, గట్టి పైపు. అక్కడ ఎప్పుడూ రెండో గడే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటి గడి వైపు అతను కన్నెత్తి చూడాల్సిన పని పడలేదు. రూడీ ఇంట్లోనూ పైపే వేస్తానన్నాడు రైనో. "బతుకంతా పైపుల కింద తిరిగాను. ఇల్లన్నా ఇల్లులా ఉండనీరా," అన్నాడు రూడీ. అతను కూడా ఆ మిల్లులోనే కన్వేయర్ బెల్టుల దగ్గర పని చేసినవాడు. సరే పోనీ అని రైనో పైపు మానేసి, బేస్‌మెంట్ పైకప్పు దూలాల మధ్య నుంచి కేబుల్ లాగాడు. చేతిలో పైపు పోయింది గానీ బుర్రలో పైపుల లెక్క అలాగే ఉండిపోయింది. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టి పోయాడు. అతనూ గమనించలేదు.

అంతవరకైతే ఒక పూట పని. కేబుల్ ఊడదీసి లావుది లాగితే అయిపోయేది. కానీ ఆ తర్వాత రూడీ దూలాల మధ్య చలి ఆపే గాజు దూది పరుపులు కూరి, వాటి మీద దేవదారు చెక్కలు కొట్టి సీలింగ్ కట్టాడు. వణుకు జబ్బు మనిషి. చొక్కా బొత్తాలు భార్య పెడుతుంది. అలాంటివాడు మే నెల నుంచి సెప్టెంబరు దాకా రోజుకి రెండు చెక్కలు, ఓపికుంటే మూడు, కుర్చీలో కూర్చుని కొలిచి, కోసి, నిచ్చెన మీద నిలబడి బిగించాడు. డాక్టరు నిచ్చెన ఎక్కొద్దన్నాడు. రూడీ డాక్టర్నే మార్చేశాడు. అతని చేతులు చేసిన పనుల్లో అదే ఆఖరిదని ఊళ్ళో అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

ఇప్పుడు కేబుల్ మార్చాలంటే ఆ సీలింగ్ పీకాలి.

ఊరుకుంటే ఏమవుతుందని రైనో తనని తాను అడుక్కున్నాడు. బహుశా ఏమీ కాదు. పదేళ్ళ దాకా ఏమీ కాకపోవచ్చు. కాగితాల మీద ఇన్‌స్పెక్టర్ సంతకం ఉండనే ఉంది. కానీ దూది పరుపుల్లో ఇరుక్కున్న కేబుల్‌కి వేడి పోయే దారి లేదు. అది రోజూ కాగుతూ, చల్లారుతూ, తొడుగు కొద్దికొద్దిగా పెళుసెక్కుతుంది. దాని కిందే రూడీ రోజంతా కూర్చుంటాడు.

మధ్యాహ్నం క్లాసు అయ్యాక అతను ఇంటికి పోలేదు. నలభై మైళ్ళు నడిపి రెండున్నరకి ప్రెబిచ్ ఇంటి ముందు ఆగాడు. గ్యారేజీలో మార్లిస్ కారు చార్జరుకి తగిలించి ఉంది. మార్లిస్ రూడీ భార్య. ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసే నర్సు. పొద్దున నాలుగు ఇళ్ళు తిరిగి రెండింటికి ఇంటికొస్తుంది. మూడు గంటలాగి, ఐదింటికి మళ్ళీ బయల్దేరుతుంది.

నర్సు బట్టల్లోనే వంటింట్లో నిలబడి సూప్ తాగుతున్న ఆమె తలుపు తీసి, "దారి తప్పావా ఏంటి, పిలవకుండా వచ్చావు? సూప్ తాగుతావా?" అంది.

"తర్వాత తాగుతాను. కరెంటు ప్యానెల్ ఒకసారి చూడాలి."

"చూడు. కింద ఆయన ఉన్నాడు. సీలింగ్ గురించి అడక్కు. అడిగితే సాయంత్రం దాకా వదలడు."

బేస్‌మెంట్‌లో రూడీ వాలుకుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో రేడియో. ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీద సన్నగా దరువేస్తూనే ఉంది.

"రారా," అన్నాడు. "తల పైకెత్తి చూసి, ఎలా ఉందో చెప్పు."

రైనో తలెత్తి చూశాడు. ఎర్రటి చెక్కలు గోడ నుంచి గోడకి ఒకే వరసలో ఉన్నాయి. అతుకులు వెతికినా కనపడవు. గది నిండా కొత్త చెక్క వాసన.

"బాగుంది," అన్నాడు.

"బాగుందట. ముప్ఫై ఏళ్ళ స్నేహానికి దక్కిన మాట అదీ."

రైనో ప్యానెల్ మూత విప్పి, తీగ చుట్టూ మీటరు బిగించాడు. నలభై ఏడు పాయింట్ ఎనిమిది ఆంపియర్లు. ప్యానెల్లోంచి బయటికొచ్చి చెక్కల్లోకి దూరేదాకా కేబుల్ రెండడుగులు కనపడుతుంది. దాని మీద అరచెయ్యి ఆనించాడు. జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురులా ఉంది. గాలి తగిలే చోటే ఇలా ఉంది.

"ఏంట్రా దాన్ని నిమురుతున్నావు?" అన్నాడు రూడీ.

రైనో తిరగేసిన పెయింటు డబ్బా మీద కూర్చున్నాడు. భుజం నొప్పి మెడలోకి పాకుతోంది. "తప్పు చేశాన్రా," అన్నాడు. తరవాత సంగతంతా చెప్పాడు. మొదటి గడి, రెండో గడి, పైపు, దూది పరుపులు. దాచకుండా, సాగదీయకుండా చెప్పాడు. మెట్ల మీద సూప్ గిన్నెతో నిలబడి మార్లిస్ కూడా వింది.

రూడీ రేడియో ఆపేశాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేది?"

"ఎవరికీ తెలిసేది కాదు."

"మరి చెప్పడమెందుకు?"

"లేచొచ్చి ఇక్కడ చెయ్యి పెట్టి చూడు."

రూడీ లేచి వచ్చాడు. కేబుల్ మీద చెయ్యి పెట్టాడు. వణుకుతున్న వేళ్ళు కాసేపు దాని మీద తడబడి, తర్వాత ఆగాయి. సీలింగ్ వంక చూశాడు.

"ఇంకో దారి ఉంది," అన్నాడు రైనో. "చార్జరు లోపల చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని నలభైకి తిప్పి, ఇక్కడ బ్రేకర్ యాభైది వేస్తే, ఈ కేబుల్‌తోనే ఏ ఇబ్బందీ లేదు. దేన్నీ పీకక్కర్లేదు. కాకపోతే కారుకి చార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుంది."

"ఎంత నెమ్మదిగా?" అంది మార్లిస్.

"నువ్వు ఇంట్లో ఉండే మూడు గంటల్లో, ఈ చలికి, పన్నెండు మైళ్ళకి సరిపడే చార్జింగ్ తగ్గుతుంది."

మార్లిస్ మెట్టు మీదే కూర్చుంది. ఆమె ముఖంలో కోపం లేదు, అలసట ఉంది. అది పొద్దున్నుంచీ ఉన్నదే. "సాయంత్రం నా ఆఖరి ఇల్లు హుటాలా గారిది. సరస్సు అవతల. ఆవిడ కాలి పుండుకి రోజుకి రెండుసార్లు కట్టు మార్చాలి. ఆ దారిలో చార్జరు కాదు కదా, దీపం కూడా ఉండదు. పోయిన వారం చలి సున్నాకి దిగినప్పుడు నేను ఇల్లు చేరేసరికి కారులో తొమ్మిది మైళ్ళు మిగిలాయి. జనవరి ఇంకా రానేలేదు. తొమ్మిదిలోంచి పన్నెండు తీస్తే ఎంతో నువ్వే చెప్పు."

రైనో తీగ చుట్టూ ఉన్న మీటరు విప్పాడు.

"నీ మీద అరవాలని ఉంది," అంది ఆమె. "ఓపిక లేదు. వచ్చే వారం అరుస్తాను."

"సరే."

ఈలోపు రూడీ గది మూలకి వెళ్ళి పనిముట్ల పెట్టె తెరిచాడు. గడ్డపలుగు లాంటి చిన్న ఇనుప కడ్డీ తీశాడు. నిచ్చెన గోడకి ఆనించి రెండు మెట్లు ఎక్కాడు.

"దిగు," అంది మార్లిస్.

"నా సీలింగ్ నేనే పీకుతాను. వీడికి వదిలితే అంచులన్నీ విరగ్గొడతాడు." కడ్డీ మొన గోడ పక్క చెక్క సందులో పెట్టబోయాడు. చెయ్యి నిలవలేదు. కడ్డీ చెక్క మీద టకటకా కొట్టుకుంది. ఎర్రటి చెక్క మీద తెల్లటి గాట్లు రెండు పడ్డాయి. రూడీ రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మళ్ళీ ప్రయత్నించాడు. ఇంకో గాటు పడింది.

రైనో లేచి నిచ్చెన పట్టుకున్నాడు. "ఆగు. పైపు వేస్తాను."

"పైపు వద్దని ఏప్రిల్లోనే చెప్పాను."

"అప్పుడు ఇక్కడ సీలింగ్ లేదురా."

రూడీ నిచ్చెన మీదే నిలబడిపోయాడు. కడ్డీ కిందికి దించాడు. తెల్లబడ్డ ఆ మూడు గాట్లనీ అతను బొటనవేలితో రుద్దాడు. అవి పోలేదు.

"ఎక్కడి నుంచి పోతుంది?" అన్నాడు చివరికి.

"సీలింగ్‌కి రెండంగుళాల కింద, గోడ పట్టుకుని. ప్యానెల్ నుంచి గ్యారేజీ గోడ దాకా. నలభై రెండడుగులు."

"నా చెక్కకి ఒక్క మేకు తగలకూడదు."

"తగలదు. క్లిప్పులన్నీ సిమెంటు గోడకే."

"అందులో తీగ ఎంత లావుది?"

"ఇదే. ఆరో నంబరు."

రూడీ మెడ తిప్పి చూశాడు. "అదే రాగి? అదే లావు?"

"అదే. తొడుగులో కలిపి కుక్కకుండా విడివిడిగా పైపులోంచి పోతే దానికి రెండో గడి వర్తిస్తుంది. అరవై ఐదు."

"చొక్కా మార్చగానే పది ఆంపియర్లు ఎక్కువ మోస్తుందన్నమాట." రూడీ మెల్లగా నిచ్చెన దిగాడు. "మన మిల్లులోనూ అంతేగా. నిన్నటిదాకా మనతో పార పట్టినవాడు సూపర్‌వైజరై తెల్ల హెల్మెట్ పెట్టుకోగానే తెలివి పెరిగినవాడైపోయేవాడు."

మార్లిస్ నవ్వింది. నవ్వాలని అనుకోకుండానే నవ్వేసి, గిన్నె పట్టుకుని పైకి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నమే రైనో చార్జరుని నలభైకి తిప్పాడు. వ్యానులో ఉన్న యాభై బ్రేకర్ తెచ్చి బిగించాడు. ఆ రోజు చలి అంతగా లేదు కాబట్టి హుటాలా గారి ఇంటికి పోయి రావడానికి చాలింది. ఇంటికెళ్ళాక కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త పర్మిట్‌కి దరఖాస్తు పెట్టాడు. పని దేనికో రాయమన్న చోట, పాత కేబుల్ సైజు ఎంచుకోవడంలో నా తప్పు అని రాశాడు. రాసి రెండుసార్లు చదువుకున్నాడు. ఇంతకన్నా పొడుగ్గా రాయడానికి ఏమీ కనపడలేదు.

ఆదివారం పొద్దున్నే పైపులు, తీగలు వ్యానులో వేసుకుని వచ్చాడు. పైపు వంచడం ఒక్కటే అతని భుజానికి నొప్పి తెలియని పని. అది కాళ్ళతో, నడుముతో చేసే పని. పైపుని నేల మీద పెట్టి, వంపు పరికరం మీద పాదం మోపి, ఒళ్ళు బరువంతా నెమ్మదిగా దించాలి. గోడ మధ్యలో మురుగు గొట్టం అడ్డం వచ్చింది. దాన్ని దాటించడానికి పైపుకి మూడు వంపులు కావాలి. మిల్లులో ఇలాంటివి రోజుకి పది చేసేవాడు. కొలిచి, గీత పెట్టి, వంచి గోడకి ఆనిస్తే, గొట్టాన్ని తాకకుండా వేలెడు దూరంలో దాటింది.

"పనైతే మర్చిపోలేదు," అన్నాడు రూడీ కుర్చీలోంచి.

"గడులే మర్చిపోయాను."

పైపు ఎత్తి పట్టుకుని క్లిప్పు బిగించాల్సి వచ్చినప్పుడు భుజం ఎదురు తిరిగింది. చెయ్యి చెవి దాకా లేచి అక్కడే ఆగిపోయింది. రూడీ అడగకుండానే లేచి వచ్చి రెండు చేతులతో పైపుని గోడకి అదిమి పట్టాడు. అతని వణుకు పైపులోకి పాకి, పైపు మొత్తం గోడ మీద గణగణమని మోగింది.

"ఇలా మోగుతుంటే నువ్వు మర ఎలా తిప్పుతావు?" అన్నాడు రూడీ.

"గట్టిగా అదుము. నీ బరువంతా వెయ్యి."

రూడీ భుజం ఆనించి అదిమాడు. మోత తగ్గి, సన్నటి గుర్రుమనే చప్పుడు మిగిలింది. ఆ చప్పుడులోనే రైనో ఎడమ చేత్తో మర బిగించాడు. రెండో క్లిప్పు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ పద్ధతి కుదిరింది. రూడీ ఊపిరి బిగపట్టినప్పుడు వణుకు ఒక్క క్షణం నెమ్మదిస్తుంది. ఆ క్షణంలో మర ఒక చుట్టు తిరుగుతుంది. పద్నాలుగు క్లిప్పులు. మధ్యలో మూడుసార్లు కూర్చున్నారు. వాల్‌నట్లు చుట్టి కాల్చిన రొట్టె మార్లిస్ పొద్దున కోసి పెట్టి వెళ్ళింది. అది తిని కాఫీ తాగారు. విడి తీగలు మూడూ పైపులో లాగడానికి ఇంకో గంట పట్టింది. పాత కేబుల్ రెండు కొసలూ విప్పి, మూతలు తొడిగి, ప్రాణం లేకుండా సీలింగ్‌లోనే వదిలేశారు.

రెండింటికి మార్లిస్ వచ్చి కారు తగిలించింది. రైనో చార్జరుని మళ్ళీ నలభై ఎనిమిదికి తిప్పి, అరవై బ్రేకర్ వేశాడు. మీటరులో అంకె ఎక్కి నిలబడింది. అరగంట తర్వాత రూడీ పైపు మీద చెయ్యి పెట్టాడు. ఇంకో అరగంటాగి మళ్ళీ పెట్టాడు. గోడ ఎంత చల్లగా ఉందో పైపూ ఇంచుమించు అంతే చల్లగా ఉంది.

మార్లిస్ కోటు వేసుకుంటూ కిందికొచ్చి పైపు వంక చూసింది. "రంగు వేస్తే కనపడదేమో. తెల్ల రంగు డబ్బా ఉంది."

"వద్దు," అన్నాడు రూడీ. "ఉండనీ. వంపులు కనపడాలి."

ఐదింటికి ఆమె బయల్దేరి పోయింది. మంచు మీద టైర్లు నలిగిన చప్పుడు వినిపించి ఆగిపోయింది. రైనో పనిముట్లు ఏరుకుని పెట్టె మూశాడు. పెట్టె ఎత్తబోయి, ఎత్తలేక, దాని మీదే కూర్చున్నాడు.

"రేపు ఇన్‌స్పెక్టర్ వస్తాడు," అన్నాడు. "నేనూ వస్తాను. ఏమన్నా అడిగితే నేనే చెప్తాను."

రూడీ తల ఊపి అడిగాడు. "ఇలా ఇంకెన్ని ఇళ్ళున్నాయిరా?"

రైనో నిన్న పడుకోబోయే ముందు పని పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచి చూశాడు. "రెండు," అన్నాడు. "రెండూ ఈ ఊళ్ళోనే. పొద్దున ఫోన్ చేశాను. ప్రస్తుతానికి నలభైకి తిప్పుకోమన్నాను. ఒకాయన బూతులు తిట్టాడు."

"సీలింగులున్నాయా?"

"ఒకదాంట్లో ఉంది. పలక సీలింగ్. ఎవరూ చేత్తో కట్టింది కాదు."

"భుజంతో ఎలా చేస్తావు ఒక్కడివీ?"

"ఏదో చేస్తాను."

రూడీ రేడియో వెయ్యబోయి మానేశాడు. కుర్చీ చేతి మీద అతని ఎడమ చెయ్యి సన్నగా దరువేస్తూనే ఉంది. "మంగళవారం నాకు డాక్టరుంది," అన్నాడు. "బుధవారమైతే వస్తాను. పైపు పట్టుకోవడానికి."

రైనో అతని వంక చూశాడు. వద్దందామనుకుని, అనలేదు. "ఎనిమిదింటికి వస్తాను," అన్నాడు. "చొక్కా బొత్తాలు పెట్టుకుని ఉండు."